ఫైలకా దీవిలో రెండు శుక్రవారాలు

కువైట్ తీరాన ఉన్న ఫైలకా దీవికి నేను జన్మలో రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళిన రోజు ఊళ్ళో మా అమ్మ చనిపోయి ఉంది. ఆ సంగతి పడవలో నా పక్కన కూర్చున్న మా చిన్నమ్మకు తెలుసు, నాకు తెలియదు. రెండోసారి వెళ్ళింది మొన్న శుక్రవారం. ఈసారి పోయింది నాకు మేనకోడలు వరసయ్యే భారతి వాళ్ళమ్మ. తెలిసినదాన్ని నేను, పక్కన కూర్చున్నది భారతి. ఈ మధ్యలో నా మోకాళ్ళు పోయాయి, జుట్టు పోయింది, నాతో కువైట్ వచ్చినవాళ్ళలో చాలామంది ఉన్నారో లేరో కూడా తెలియకుండా పోయారు. ఈ ఒక్క ఆచారం మాత్రం చెక్కుచెదరకుండా ఉంది. వేల ఏళ్ళనాటి గోడలు చూడ్డానికి జనం డబ్బిచ్చి సముద్రం దాటి ఆ దీవికి పోతారు గానీ, మా రాయచోటి వైపు మనుషుల్ని చూస్తే చాలదా అనిపించింది.

మా వైపు ఆచారం ఏమిటంటే, కువైట్‌లో ఉన్న ఆడపిల్లకు ఊళ్ళో చావు కబురు చెప్పరు. చెప్పి ఏం లాభం? మామాను, అంటే మేం పనిచేసే ఇంటావిడను, బతిమాలి, పాస్‌పోర్టు చేతికి తెచ్చుకుని, టికెట్టు దొరికి, విమానం దిగి, కడప బస్సెక్కేసరికి అక్కడ మట్టి కూడా ఆరిపోయి ఉంటుంది. ఇక్కడ చూస్తే వంటింట్లో ఇంకో దేశం అమ్మాయి చేరి ఉంటుంది. శవాన్నీ చూడలేదు, పనీ నిలవలేదు అన్నట్టవుతుంది. అందుకని దాస్తారు. ఊళ్ళోవాళ్ళు దాస్తారు, ఇక్కడున్న చుట్టాలు దాస్తారు, తోడు వచ్చినవాళ్ళు దాస్తారు. రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద ఇంటికి వెళ్ళినప్పుడు చెబుతారు. అంతవరకూ చచ్చిపోయినావిడ ఆరోగ్యంగానే ఉంటుంది, పొలానికి పోయి ఉంటుంది, నిద్రపోతూ ఉంటుంది.

మొన్న తెల్లవారకముందే భారతి వాళ్ళన్న శీను ఊరినుంచి ఫోన్ చేశాడు. నాకు వరసకు మేనల్లుడు. "అత్తా, అమ్మ పోయింది. సాయంత్రం మట్టి చేస్తాం. దానికి చెప్పొద్దు. నువ్వే యాడికన్నా పిల్చకపో. అందరూ ఫోన్లలో ఫోటోలు పెడతాండారు, చూసిందంటే దాన్ని పట్టడం మన వల్ల గాదు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఒరే, ఇదేమన్నా మా కాలమంట్రా? ఎన్నాళ్ళు దాస్తావురా తల్లి చావు?" అని గట్టిగానే అరిచాను. వాడు ఏడుస్తూ, "ఈ ఒక్కరోజు దాటియ్ అత్తా. అది వచ్చేస్తే మల్ల పోయేది లేదు. పాప గతేం గావాల?" అన్నాడు. భారతి కూతురికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. ఆ పిల్ల పెరుగుతున్నది ఇప్పుడు పోయిన ఆ అమ్మమ్మ దగ్గరే. మొగుడు ఉన్నాడంటే ఉన్నాడు. భారతికి సల్వా పేటలో పని కుదిరి, ఇఖామా, అంటే ఇక్కడ ఉండే అనుమతి, కొట్టించుకుని ఇంకా ఏడాది నిండలేదు. ఇవన్నీ నాకు తెలుసు కాబట్టి సరేనన్నాను. ఎక్కడికి తీసుకుపోవాలి అని ఆలోచించను కూడా లేదు. ఫైలకా అని నోట్లోంచి వచ్చేసింది.

మా అమ్మ గురించి చెప్పకుండా ఆ దీవి గురించి చెప్పలేను. అమ్మ అంటే నాకు ముందు వచ్చేది కంపకట్టెల పొగ వాసన, ఆ పొగలో వేయించిన చెనక్కాయ గింజల వాసన. తెల్లవారకముందే లేచి పొయ్యి రాజేసేది. రోట్లో చెనక్కాయల పచ్చడి, మా ఊరిబిండి, నూరుతూ కోళ్ళతో మాట్లాడేది, మనుషులతో తక్కువ. సంగటి కెలికి, చెయ్యి నీళ్ళల్లో ముంచి, ముద్ద చేసి అందరికీ వేసి, తను మాత్రం గడప మీద కూర్చుని చివర్లో తినేది. తిన్నాక చీర కొంగుకు కట్టుకున్న చిన్న డబ్బీ తీసి పొగాకు నలిపి దవడన పెట్టుకునేది. అది పెట్టుకున్నాక దేవుడొచ్చి పిలిచినా పలకదు, తల మాత్రం ఊపుతుంది. నేను మొదటిసారి కువైట్‌కు బయల్దేరిన రోజు ఊరంతా జీపు దగ్గరకు వచ్చింది, అమ్మ రాలేదు. వెతుక్కుంటూ లోపలికి వెళితే పొయ్యి ముందు కూర్చుని సంగటి కెలుకుతోంది. "లేచి రామ్మా" అన్నాను. "మాడిపోతాది పాపా, నువ్వు పో" అంది. తల ఎత్తలేదు. అలిగి జీపెక్కేశాను. ఆ పొగలో ఆమె ముఖం కూడా సరిగ్గా చూసుకోలేదు.

సల్వాలో నేను చేరిన ఇంట్లో పొగంటే బుఖూర్ పొగే. గురువారం రాత్రి చుట్టాలు వస్తారని సాయంత్రం నుంచే మామా ప్రతి గదిలోనూ ఆ సుగంధపు ధూపం తిప్పించేది. మగవాళ్ళ పొడుగు అంగీలు, ఆ తెల్లటి దిష్‌దాషాలు ఇస్త్రీ చేసీ చేసీ నా కళ్ళకు ప్రపంచంలో వేరే రంగు లేనట్టుండేది. ముసలి మామా, అంటే మామా అత్తగారు, ఫైలకాలోనే పుట్టి పెరిగింది. యుద్ధంలో పక్క దేశపు సైనికులొచ్చి ఆ దీవిని ఖాళీ చేయించాక మళ్ళీ వెళ్ళలేదు. ఏలకుల టీ తాగుతూ రోజూ ఆ దీవి బావుల గురించీ, తన వంటింటి కిటికీ గురించీ చెప్పేది. కొత్తలో నాకు అరబ్బీ సగమే అర్థమయ్యేది గానీ, వంటింటి కిటికీ దగ్గర ఆమె గొంతు ఆగిపోవడం మాత్రం అర్థమయ్యేది. పెద్దింటివాళ్ళు కూడా ఇల్లు పోగొట్టుకుంటారా అని ఆశ్చర్యపడేదాన్ని. అప్పుడు నాకు ఆశ్చర్యపడే వయసు.

వారమంతా శుక్రవారం కోసం బతికేవాళ్ళం. సెలవున్న ఆడవాళ్ళందరం ఫర్వానియాలో ఒక గదిలో చేరి, ఊరినుంచి తెచ్చిన రాగిపిండితో సంగటి కెలికి, పొట్టేలు కూర చేసుకుని, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వేవాళ్ళం. ఎవరూ శుక్రవారం తలంటుకునేవాళ్ళు కాదు. ఊళ్ళో అయితే శుక్రవారం తలకు పోసుకోనిదాన్ని వింతగా చూస్తారు. ఇక్కడ గురువారం రాత్రి పనంతా అయ్యాకే పోసుకుని, పొద్దున్నే నూనె రాసి జడేసుకుని గేటు దాటాలి. ఆలస్యమైతే మామాకు ఏదో ఒక పని గుర్తొస్తుంది, అంతే, ఆ వారం సెలవు ఖలాస్. తిన్నాక అందరం టెలిఫోను కొట్టు ముందు వరస కట్టేవాళ్ళం. ఊళ్ళో అంగడి ఇంటికి ఫోన్ చేస్తే వాళ్ళు అమ్మకు కబురంపేవాళ్ళు. పరుగెత్తుకుంటూ వచ్చి, ఎగపోసుకుంటూ, "పాపా, తిన్నావా?" అనేది. మాటలకంటే ఆ ఎగపోత ఎక్కువ వినబడేది. నాకు అదే చాలు.

ఆ శుక్రవారం నేనింకా గేటు దాటకముందే మా చిన్నమ్మ సల్వాకు వచ్చేసింది. నాగమ్మ ఆమె పేరు, మా అమ్మకు సొంత చెల్లెలు, ఫింటాస్‌లో ఒక ఇంట్లో వంట చేసేది. నన్ను కువైట్‌కు రప్పించింది ఆమే. రాయచోటి ఖాదరన్న తను నడిపే కఫీల్ కారులో, అంటే యజమాని కారులో, దింపాడు. "పామ్మే, ఫైలకా చూసొద్దాం. గ్రీకులంట, రాజులంట, ఎప్పటివో గోడలుండాయంట" అంది. చిన్నమ్మ రూపాయికి రూపాయి కూడబెట్టే మనిషి, పెప్సీ కొనమంటే నీళ్ళు తాగమంటుంది. "అమ్మకు ఫోన్ చెయ్యల్ల గదా" అన్నాను. "వచ్చే వారం చేద్దువులే, మీ యమ్మ యాడికీ పోదు" అంది. ఖాదరన్న ఎప్పుడూ నన్ను ఏడిపించేవాడు, ఆరోజు ఎందుకో స్టీరింగ్ మీద నుంచి చూపు తిప్పలేదు. కారెక్కుతుంటే చిన్నమ్మ జడ నా చేతికి తగిలింది. తడిగా ఉంది. "ఏంది చిన్నమ్మా, శుక్రవారం పొద్దున పోసుకున్నావు?" అంటే, "ఉక్కగా ఉండాదిలే" అంది. చావు కబురు విన్నవాళ్ళు తలకు నీళ్ళు పోసుకుంటారని మా వైపు పుట్టిన ఏ పిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు. పడవెక్కే సంబరంలో బుద్ధి పనిచేయలేదు.

ఎంత సంతోషంగా గడిచిందో ఆ రోజు! సల్వా ప్రహరీ గోడలు తప్ప ఏమీ చూడనిదాన్ని, అంత సముద్రం ఒక్కసారి చూసి కేకలు పెట్టాను. దీవిలో ఆ పాత కట్టడాలున్న చోట అప్పట్లో ఆపేవాళ్ళు లేరు. మోకాలెత్తు రాతి గోడలు, గదులకు గుర్తులు, ఒక గుడి ఉండేదని చెప్పే రాళ్ళు. మా ఊరి పొలాల గట్లకంటే గొప్పగా ఏమీ లేవు గానీ, ఇంత దూరం వచ్చి ఇక్కడ బతికిన వాళ్ళు కూడా ఎవరి ఇంటినో తలుచుకుని ఉంటారు కదా అనిపించింది. "వీళ్ళకు గూడ ఇఖామా ఉండేదంటావా చిన్నమ్మా?" అని అడిగితే ఆమె పగలబడి నవ్వింది. ఆ రోజు నేను ఏమన్నా నవ్వింది. ఆ రాళ్ళ మధ్య కూర్చుని సంగటి, ఊరిబిండి విప్పింది. నాకు పెట్టింది, తను మాత్రం ముట్టలేదు. "ఆకలి లేదు, నువ్వు తిను, నువ్వు తిను" అంటూనే ఉంది. ఖాదరన్న ఇచ్చిన కెమెరాతో నన్ను ఫోటోలు తీసింది. ఆ ఫోటో ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. గ్రీకుల గోడ మీద కాలు పెట్టి, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతున్న పిల్ల.

తర్వాత యుద్ధంలో పాడుబడిన ఊళ్ళోకి వెళ్ళాం. రెండు వేల ఏళ్ళనాటి గోడల కంటే అవే ఎక్కువ దిగులుగా ఉన్నాయి. తలుపుల్లేని ఇళ్ళు, తూట్లు పడిన గోడలు, నేల మీద పగిలిన పలకలు. ఒక ఇంట్లోకి దూరాం. వంటిల్లు. గట్టు అలాగే ఉంది, దాని పైన కిటికీ. ముసలి మామా కిటికీ ఇదేనేమో అనుకుంటూ నేను తొంగి చూస్తుంటే వెనక చప్పుడైంది. చిన్నమ్మ ఆ గట్టు కింద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. "పాపం, ఎట్ల కట్టుకున్న ఇల్లో, ఎట్ల పోయినారో" అంది. నాకు నవ్వొచ్చింది. "ఎవురో అరబ్బోళ్ళ ఇంటికి నువ్వెందుకు అంత ఏడుస్తావు చిన్నమ్మా, మీ యక్క పోయినట్ల?" అన్నాను. ఆమె నన్ను చూసిన చూపు! కొడుతుందేమో అనుకున్నాను. లేచి, ముక్కు చీది, నా గడ్డం పట్టుకుని, "పాపా, తిన్నావా?" అంది. "ఇందాకే గదా పెడితివి" అని నేను మళ్ళీ నవ్వాను.

తర్వాత రెండేళ్ళూ మా అమ్మ ఫోనుకు అందలేదు. పొలానికి పోయింది, తిరునాళ్ళకు పోయింది, నిద్రపోతోంది. అంగడాయన ఎంత బాగా అబద్ధం చెప్పేవాడంటే, మీ అమ్మ నిన్ననే నిన్ను తలుచుకుందని కూడా చెప్పేవాడు. సెలవు మీద వెళ్ళేటప్పుడు అమ్మకని పులి బొమ్మ ఉన్న మందపాటి కంబళి మోసుకెళ్ళాను. చిన్నమ్మ కూడా నాతోనే సెలవు పెట్టి వచ్చింది. జీపు ఊరికి దగ్గరపడ్డాక టీ తాగుదామని ఆపించి, "నీకొకటి చెప్పల్ల పాపా" అంది. చెప్పింది. ఫైలకా రోజేనని కూడా చెప్పింది. ఇంటికి చేరాక నన్ను గడప బయటే నిలబెట్టి తల మీద కడవెడు నీళ్ళు గుమ్మరించారు. విన్నప్పుడే పోసుకోవాలి కదా. రెండేళ్ళ కిందటి చావుకు ఆ రోజు మైల పట్టింది నాకు. ఊళ్ళోవాళ్ళు నాతోపాటు ఏడవడానికి చూశారు గానీ వాళ్ళకు ఏడుపెక్కడ మిగిలింది? ఒక్కదాన్నే ఏడ్చాను. చిన్నమ్మ మీద కోపం చాలా ఏళ్ళు పోలేదు. సొంత అక్క పోయిన రోజు నన్ను నవ్వించడానికి ఆమె పడ్డ పాటు నాకు చాలా ఆలస్యంగా తెలిసొచ్చింది. అప్పటికి ఆమె కూడా లేదు. ఆమె పోయిన సంగతీ నాకు సెలవులోనే చెప్పారు.

ఇదంతా కడుపులో పెట్టుకుని మొన్న భారతి పనిచేసే ఇంటి గేటు ముందు నిలబడ్డాను. అది బయటికొచ్చింది, కొత్త చుడీదారు వేసుకుని. "ఏందత్తా, ఉన్నట్టుండి ఫైలకా అంటాండావు?" అంది. "నా ఫోనులో చార్జింగ్ లేదు, ఫోటోలు నీ ఫోనులో తీస్తా, ఇటియ్యి" అన్నాను. ఇప్పటి పిల్లల్ని ఫోను అడిగితే కిడ్నీ అడిగినట్టు చూస్తారు. భారతి అడగ్గానే ఇచ్చేసింది. నేను దాన్ని నొక్కి ఆపేసి సంచి అడుగున పడేశాను. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను, ముసలి మొద్దును.

దీవి మారిపోయింది. నాలుగు చక్రాల బైకులు, ఒంటెలు, హోటలు, సెల్ఫీలు. గ్రీకుల గోడల చుట్టూ ఇప్పుడు కంచె ఉంది, అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ బోర్డు ఉంది. ఆ రాళ్ళు మాత్రం ఇంకాస్త కుంగాయి, నాలాగే. భారతి ప్రతిదానికీ నవ్వింది. ఒంటెను చూసి నవ్వింది, కంచెను చూసి నవ్వింది, రాయి మీద కూర్చుని లేవలేక నేను మూలిగితే నవ్వింది. "ఎంత బాగుండాదత్తా!" అని పదేపదే అంది. నేను సంగటి విప్పాను. "ఆకలి లేదత్తా, నువ్వు తిను" అంది. ఆకలి లేదు అన్న మాట ఆ రాళ్ళ మధ్య నేను ఇంతకుముందు విన్నాను. విని కూడా ఈ పిల్లకు ఎండ తగిలిందేమో అనుకున్నాను. చిన్నమ్మ ఏడ్చిన ఇంటిని వెతికి పట్టుకున్నాను. కప్పు పూర్తిగా పోయింది, కిటికీ ఉండాల్సిన చోట ఆకాశం ఉంది. భారతి గట్టు దగ్గర నిలబడి, చున్నీ కొసతో దాన్ని తుడవడం మొదలుపెట్టింది. తుడుస్తూనే ఉంది. "ఏంమే?" అన్నాను. "దుమ్మత్తా" అంది. పనిమనుషులం కదా, చేతులు ఊరుకోవు అనుకున్నాను.

తిరుగు పడవలో ఎండ వాలింది. భారతి తల నా భుజం మీద వాల్చింది. దాని జడ నా చేతి మీద పడింది. మధ్యలో పాయలు ఇంకా చెమ్మగా ఉన్నాయి. నూనె లేదు. నాకు చెయ్యి కాలినట్టయింది.

"భారతీ, పొద్దున తలకు పోసుకున్నావా మే?"

"పోసుకుంటి."

"శుక్రవారం పొద్దున ఎవురన్నా పోసుకుంటారా?"

"మా చిన్నాయన కొడుకు ఫోన్లో పెట్టినాడత్తా" అంది సముద్రం వైపే చూస్తూ. "అమ్మ ఫోటో, దండేసి. ఎవురో తిట్టినట్టుండారు, మల్ల తీసేసినాడు. అప్పటికే నేను చూసినా."

"మరి ఆ నవ్వులేందే? పొద్దున్నుంచి ఈ ఎండలో ఎందుకు తిరిగినావే నాతో?"

"నీకు తెలుసని నాకు తెలుసు గదా. నువ్వంత కష్టపడతాండావు, ఎందుకు పాడు చెయ్యల్ల అని."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని దగ్గరకు లాక్కుని, "ఏడ్చుకోవే తల్లీ, ఏడ్చుకో. మామాతో నేను మాట్లాడతా, నువ్వు పో" అన్నాను. అది నా చెయ్యి తీసేసింది. "వద్దత్తా. కండ్లు ఎర్రగుంటే మామా అడుగుతాది. నాకు తెలిస్తే నేను పోవాల. కన్నతల్లి పోయిందని తెలిసీ పోనిదాన్ని మనిషంటారా? పోతే ఈడ ఖలాస్. పాపను ఇంక మా వదిన చూడాల, ఊరికే చూస్తాదా? అందుకే నాకు తెల్దు. మా యన్నకు గూడ చెప్పొద్దు నాకు తెలిసిందని. సెలవుకు పోయినప్పుడు చెప్తారు గదా, అప్పుడు ఏడుస్తా."

నన్ను మోసం చేశారని ఇన్నేళ్ళు కుళ్ళాను. కానీ ఆ రోజు నేను నిజంగా నవ్వాను, ఫోటోలో ఉన్నది నిజం నవ్వు. నాకు తెలియకుండా ఉండటం కోసం చిన్నమ్మ ఒకతె ఉండేది, నా వంతు ఏడుపు ఆ వంటింట్లో తను ఏడ్చి పెట్టింది. ఈ పిల్లకు ఆ మాత్రం కూడా లేదు. తన దగ్గర తానే దాచుకోవాలి. కబురు కోసం ఎదురుచూసే కాలం పోయి, కబురే ముందు నిద్రలేపే కాలం వచ్చిందని మురిసిపోయాం. వచ్చి ఏం బాగుపడ్డాం?

రేవు దీపాలు కనబడుతుండగా భారతి చెయ్యి చాపింది. "ఫోనియ్యత్తా. శుక్రవారం చెయ్యకుంటే మా యన్నకు అనుమానం వస్తాది." ఇచ్చాను. ఆన్ చేసి, స్పీకరు పెట్టి శీనుకు చేసింది. శీను గొంతు బొంగురుగా ఉంది. వెనక ఎవరో కడవతో నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు. మట్టి చేసి వచ్చినట్టున్నారు.

"ఎట్లుండావ్‌మే? ఫైలకా బాగుండాదా?"

"శానా బాగుండాదన్నా. అమ్మ యాడ?"

అవతల కాసేపు నీళ్ళ చప్పుడే వినిపించింది. "పండుకోనుందిమే. పొద్దున్నుంచి ఒకటే పని, ఇప్పుడే కన్ను మూసింది. లేపమంటావా?"

"వద్దొద్దు, లేపొద్దు" అంది భారతి. "పండుకోనీ. లేచినాక చెప్పు, నేను చేసినానని."